కోలాకి సీసాతో నీళ్ళు పట్టకండి: ఎండదెబ్బ తిన్న జంతువును ఆదుకోవడం ఎలా?

ఇక్కడ ఆస్ట్రేలియాలో జనవరి అంటే నడివేసవి. అది వస్తే చాలు, మెల్‌బోర్న్‌లో మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం వీడియో తిరుగుతుంది. రోడ్డు పక్కన కోలా, దాని మూతికి ఆనించిన నీళ్ళ సీసా, వెనక నుంచి "అయ్యో పాపం, ఎంత దాహమేసిందో" అని ఒక గొంతు. కింద దండాలే దండాలు. నాకు మాత్రం బీపీ పెరుగుతుంది. పన్నెండేళ్ళుగా ఇక్కడి ఎండాకాలాల్లో వన్యప్రాణుల రెస్క్యూకి వాలంటీరుగా వెళ్తున్నాను. మంచి మనసుతో ప్రాణం తీయడం ఎంత తేలికో కళ్ళారా చూశాను.

సామాన్లు

నాలుగు మట్టి మూకుళ్ళు, గుప్పెడు గులకరాళ్ళు, మూత ఉన్న అట్టపెట్టె, పాత కాటన్ తువ్వాలు, మొక్కల మీద నీళ్ళు చిమ్మే స్ప్రే సీసా. అంతే. మూకుడు మట్టిదే ఉండాలి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, స్టీలు గిన్నె అసలే వద్దు, మధ్యాహ్నానికి అందులో నీళ్ళు కాగిపోతాయి. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నర్సరీలో పూలకుండీ కింద పెట్టే మట్టి సాసర్లు దొరుకుతాయి, పైన పూత లేనివి తెచ్చుకోండి.

నీళ్ళు పెట్టడం

ఎండ ముదిరే రోజుకి ముందు రాత్రే పెట్టేయండి. ఒకటి నేల మీద, ఒకటి నడుమెత్తులో, ఒకటి కొమ్మకి వేలాడదీసి, అన్నీ నీడలోనే. లోపల రాళ్ళు వేస్తే బల్లులూ చిన్న పిట్టలూ మునిగిపోకుండా ఎక్కి రాగలవు. మీ కుక్కనీ పిల్లినీ ఇంట్లోనే ఉంచండి. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన ఏడాది మూకుడు పక్కన బ్రెడ్డు ముక్కలు కూడా పెట్టారు. "ఒట్టి నీళ్ళేం పెడతాంలే నాయనా" అని. బ్రెడ్డు వద్దు, అన్నం వద్దు, ఏమీ వద్దు. 2020 జనవరిలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం అడవి మంటల్లో మేత పోయిన రాక్ వాలబీల (చిన్న కంగారూల్లాంటివి) కోసం ఆకాశం నుంచి క్యారెట్లు, చిలగడదుంపలు జారవిడిచింది కదా అంటారు. అది తెలిసినవాళ్ళు లెక్క చూసి చేసిన పని. మీ పెరట్లో మీరు చేసేది కాదు.

ఎండదెబ్బ గుర్తు పట్టడం

పిట్ట నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుంటుంది. రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువు రింగ్‌టెయిల్ పోసమ్ పట్టపగలు నేల మీద కనిపిస్తుంది. కోలా చెట్టు మొదట్లో కూలబడి ఉంటుంది. కోలా చెట్టు బోదెను కౌగిలించుకుని వేలాడుతుంటే మాత్రం కంగారు పడకండి. కొన్ని చెట్ల బోదెలు గాలి కంటే 5 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటాయి, అది ఒళ్ళు చల్లబరుచుకుంటోంది. దాని మానాన దాన్ని వదిలేయండి.

గబ్బిలాల సంగతి వేరు. 42 డిగ్రీలు దాటితే ఫ్లయింగ్ ఫాక్సులు, అంటే పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, చెట్ల మీంచి రాలిపోతాయి. 2018 నవంబరులో క్వీన్స్‌ల్యాండ్‌లోని కెయిర్న్స్‌లో రెండు రోజుల్లో స్పెక్టకిల్డ్ అనే జాతి ఫ్లయింగ్ ఫాక్సులు సుమారు 23 వేలు చనిపోయాయి, ఆస్ట్రేలియాలో ఆ జాతి మొత్తంలో మూడో వంతు. కింద పడింది కదా అని చేత్తో ఎత్తకండి. వాటి కాటుతో, గీకుడుతో లిస్సావైరస్ వస్తుంది, రేబిస్‌కి అన్నదమ్ముడు లాంటిది. టీకా వేయించుకున్నవాళ్ళే ముట్టుకోవాలి. మీరు ఫోన్ చేయండి, చాలు.

అసలు కష్టమైన పని: తాగించడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

సీసా అలవాటు ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు. 2009లో విక్టోరియాలో ఒక ఫైర్‌ఫైటర్ కాలిన కోలాకి సీసాతో నీళ్ళు పడుతున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ కోలాకి శామ్ అని పేరు పెట్టారు. ఆ ఫైర్‌ఫైటర్‌ని నేను తప్పు పట్టను. ఆ ఫొటో చూసి నేర్చుకున్నవాళ్ళతోనే నా పేచీ.

కోలా నీళ్ళు గటగటా తాగే జంతువు కాదు. దానికి కావలసిన తడి చాలావరకు యూకలిప్టస్ ఆకుల్లోనే దొరుకుతుంది. వాన పడితే బోదె మీంచి జారే నీళ్ళు నాలుకతో నాకుతుంది. అలాంటి దాని తల పైకెత్తించి సీసా వంచితే నీళ్ళు పొలమారతాయి. మనకైతే దగ్గు వచ్చి సర్దుకుంటుంది. నీరసపడిన జంతువుకి దగ్గే ఓపిక కూడా ఉండదు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా పట్టుకుంటుంది. వీడియో తీసినవాళ్ళకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. వాళ్ళు వెళ్ళిపోయాక కదా అది చచ్చిపోయేది.

గ్రేట్ ఓషన్ రోడ్ మీద కెన్నెట్ రివర్ దగ్గర ఒకసారి మన తెలుగు కుటుంబమే కనిపించింది. తండ్రి సీసా పట్టుకున్నాడు, కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. కోలా రెండు చేతులతో సీసాని పట్టుకుంది, మూతి పక్క నుంచి నీళ్ళు కారుతున్నాయి. "బాబూ, ముందు సీసా దించండి" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "దాహంతో ఉంటే నీళ్ళు ఇవ్వడం కూడా తప్పేనా?" ఇవ్వడం తప్పు కాదు. నేను ఆయన టోపీలోనే నీళ్ళు పోయించి, కోలా ముందు నేల మీద పెట్టించి, అందరినీ పది అడుగులు వెనక్కి జరిపాను. నిమిషం దాకా ఏమీ లేదు. తర్వాత అది ముందుకు వంగి, టోపీలో ముక్కు పెట్టి నాకడం మొదలుపెట్టింది.

పద్ధతి అంతే. నాలుగు కాళ్ళూ నేల మీద, తల కిందికి, నీళ్ళు ముక్కు ముందు. పళ్ళెం, టోపీ, హెల్మెట్, ఏదైనా సరే. తాగితే తాగుతుంది, తాగకపోతే బలవంతం లేదు. సిరంజి, డ్రాపర్, దూది ముంచి పెదాలకి రాయడం లాంటి తెలివితేటలు వద్దు. మీరు దాని తలని ఎటూ కదపకూడదు. గోళ్ళు చూశారా, ఒక్క గీటుకి కుట్లు పడతాయి.

చల్లబరచడంలోనూ ఇదే తొందర. తడి తువ్వాలు చుట్టేస్తారు, వేడి లోపలే ఉండిపోయి జంతువు చచ్చిపోతుంది. బకెట్లో ముంచడం, ఐసు పెట్టడం ఇంకా ఘోరం. పిట్టనో పోసమ్‌నో పొడి తువ్వాలుతో పట్టి, గాలి కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో, చల్లటి గదిలో ఉంచండి. స్ప్రేతో సన్నగా రెండుసార్లు చిమ్మండి, మొహం మీద కాదు. పిల్లలకి చూపించకండి, ఫొటో తీయకండి. కంగారూ అయితే దగ్గరికే వెళ్ళొద్దు. వెంటపడితే ఆ భయానికి కండరాలు పాడై తర్వాత చచ్చిపోతుంది. వన్యప్రాణుల రెస్క్యూ సంస్థలు ఉన్నాయి: విక్టోరియాలో వైల్డ్‌లైఫ్ విక్టోరియాకి, సిడ్నీ వైపు వైర్స్‌కి ఫోన్ చేయండి.

మంటల రోజు

ఆ రోజు ఈ పనులేవీ చేయకండి. మూకుళ్ళు నింపి ముందే బయల్దేరండి. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు. ఆ రోజు మంటల్లో 173 మంది పోయారు. 2019-20 మంటల్లో 300 కోట్ల జంతువులు చచ్చాయో, చెల్లాచెదురయ్యాయో అని శాస్త్రవేత్తలు లెక్క వేశారు. మీ పెరట్లో ఒక్క పోసమ్ కోసం ఆగితే ఆ లెక్క మారదు, మీ ఇంట్లో లెక్క మారుతుంది. మంటల ప్రమాదానికి ఇచ్చే రేటింగ్ అన్నిటికన్నా పైదైన కెటాస్ట్రాఫిక్ అని వస్తే నేనైతే మంట కోసం చూడను, తెల్లవారకముందే కారు తీస్తాను.

మంట ఆరాక కూడా అధికారులు తెరిచేదాకా లోపలికి వెళ్ళకండి. నిలబడి ఉన్న చెట్టు లోపల కాలి ఉంటుంది, ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద నెమ్మదిగా నడపండి, కాళ్ళు కాలిన కంగారూలు తారు మీదికి వస్తాయి.

మామూలు ఎండ రోజైతే, మర్నాడు పొద్దున్నే మూకుడులో పాత నీళ్ళు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి మళ్ళీ నింపండి. రోజూ కడగకపోతే ఒక చిలక రోగం ఇంకో చిలకకి అంటుతుంది. సబ్బు వాడితే బాగా జాడించండి.