గడి సగంలో ఆగిపోయిందా? తప్పు ఆగిన చోట వెతక్కండి

క్రిప్టిక్ గడి, అంటే సమాధానం అక్షరాలు ఎలా పేర్చాలో కూడా ఆధారంలోనే (క్లూలోనే) దాచిపెట్టే గళ్ళ నుడికట్టు, చేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట వినపడే మాట "నిలువు 2 తెగట్లేదు, ఆధారం తప్పేమో". ఆధారం తప్పు కాదు. చాలాసార్లు నిలువు 2లో కష్టం కూడా ఏమీ ఉండదు. దాన్ని కోసుకుంటూ పోయే అడ్డం ఒకటి ఉంటుంది, అందులో ఎప్పుడో ధైర్యంగా నింపేసి మళ్ళీ తిరిగి చూడని అక్షరం ఒకటి ఉంటుంది, గొడవంతా అక్కడే. దాని గురించి కింద వివరంగా రాస్తాను, ముందు చిన్నవి తేల్చేద్దాం. అడ్డం, నిలువు, సమాధానంలో ఎన్ని అక్షరాలో చెప్పే బ్రాకెట్లో అంకె ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నా.

ఒక్క ఆధారం కూడా లొంగట్లేదు

ఆధారాన్ని వాక్యంలా చదువుతున్నారు, అందుకే. కూర్చినవాళ్ళు ఆ వాక్యం అల్లిందే మీరు దాని కథలో పడిపోవాలని. కామాలు, ప్రశ్నార్థకాలు పక్కన పెట్టేసి ఒకటే చూడండి, సమాధానానికి అర్థం ఇచ్చే ముక్క ఎక్కడుందీ అని. అది దాదాపు ఎప్పుడూ మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. మిగిలినదంతా తయారీ సామాను, అంటే ఆ సమాధానాన్ని అక్షరాలతో ఎలా కట్టాలో చెప్పేది.

"తల తీస్తే కలత పోయి తీగ మిగిలింది (2)". ఇందులో మనసు, బాధ అంటూ ఆలోచిస్తే రోజంతా కూర్చోవచ్చు. కలతకి మొదటి అక్షరం తీసేయండి, లత. చివర్లో ఉన్న తీగే అర్థం. తల, తోక, తొలి, కడ, కడుపులో, తిరగబడి, వెనుదిరిగి, తారుమారు, చెల్లాచెదురు, ఈ మాటలు కనిపిస్తే పెన్సిలుతో కింద గీత పెట్టుకోండి. ఇంత చిన్న పని కూడా చెయ్యకుండా "అస్సలు అర్థం కాలేదు" అంటారు, అక్కడే నాకు బాధేస్తుంది.

పక్కపక్క మాటల్లో దాచేవి కూడా ఇక్కడే దొరికిపోతాయి. "కాలువ లయంలో కనిపించే గుండ్రని గీత (3)". కాలువ చివరి అక్షరాన్ని లయంతో కలిపి చదవండి, వలయం. మాటల మధ్య ఖాళీ ఉంది కాబట్టి కన్ను దాటిపోతుంది, అంతే.

సమాధానం తెలుసు, గళ్ళకి సరిపోవట్లేదు

లెక్క తప్పింది. గడికి ఒక అక్షరం, గుణింతంతో ఒత్తుతో కలిపి. సున్నా ముందు అక్షరంతోనే పోతుంది. పుస్తకం అంటే మూడు గళ్ళు, పుస్తకము అంటే నాలుగు. ఒక గడి ఎక్కువో తక్కువో అయితే ము, డు, వు చివర్లు ముందు చూడండి, మాట మార్చడం ఆ తర్వాత. పొల్లుకి వేరే గడి ఇస్తారా లేదా అన్నది ఆ గడి కూర్చేవాళ్ళ అలవాటు, వాళ్ళ పాత గళ్ళకి వచ్చిన జవాబులు నాలుగు చూస్తే తెలిసిపోతుంది.

అక్షరాలు ఎంత కలిపినా మాట రావట్లేదు

రెండు కారణాలు. ఒకటి, గుణింతాలు ఊడదీసి కలుపుతున్నారు. మన గళ్ళలో మామూలుగా అక్షరం అక్షరంగానే కదులుతుంది, దాని గుణింతం దానితోనే ఉంటుంది. రెండోది, కలపాల్సిన మాట ఏదో సరిగ్గా పట్టుకోలేదు. తారుమారు అనే మాట పక్కనే, సరిగ్గా సమాధానం అంత పొడవున్న ముక్క ఉందేమో లెక్కపెట్టండి. "నవల తారుమారైన కారణంగా (3)". నవల మూడు అక్షరాలు, సమాధానం మూడు, ఇంక వేరే సామాను అక్కర్లేదు, కలిపితే వలన. "కారణంగా" అన్నది కథలో భాగం అనుకుని వదిలేసినవాళ్ళకి ఇది రాదు, అదే అర్థం కాబట్టి.

సగం నిండింది, అక్కడి నుంచి కదలట్లేదు

ఇదీ అసలు సమస్య. ఎంత అలవాటున్నవాళ్ళనైనా కాల్చేది ఇదే, నన్నూ చాలాసార్లు కాల్చింది, కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

ఇలా మొదలవుతుంది. అడ్డం 1: "నది ఎదురు తిరిగి కరుడు కట్టినా వెలుగునిచ్చేవాడు (5)". చూడగానే వెలుగునిచ్చేవాడు అంటే సూర్యుడు అని తట్టింది. ఐదు గళ్ళు. పైగా ఆధారంలోనే కరుడు అని కళ్ళ ముందు ఉంది. దివాకరుడు! ఐదు అక్షరాలు, అర్థం సరిపోయింది, కరుడు సరిపోయింది, రాసేశారు. నిలువు 1 "ది"తో మొదలై చక్కగా వచ్చింది, నిలువు 3 "క"తో మొదలై అదీ వచ్చింది, దాంతో నమ్మకం కాస్తా రాయిలా అయిపోయింది. ఇప్పుడు నిలువు 2: "ఎటు నుంచి చూసినా నాటకమే (3)". "వా"తో మొదలయ్యే మూడక్షరాల నాటకం ఏంటి? ఆలోచిస్తారు, నిఘంటువు తీస్తారు, వాచికం అంటారు, అది ఎటు నుంచి చూసినా ఒకటే ఎలా అవుతుంది అంటారు, చివరికి ఆధారం తప్పు అంటారు.

నిలువు 2 నటన. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా నటనే. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ఆధారం అది, "వా" అడ్డం పడటం వల్ల కొండంత అయింది. అడ్డం 1 దివాకరుడు కాదు, దినకరుడు. నది ఎదురు తిరిగితే దిన, దానికి కరుడు కట్టాలి. ఆధారం అంతా స్పష్టంగా చెప్పింది, ఒక్క "నది" ఎందుకుందో మీరు అడగలేదు.

ఎందుకు ఇంత దొంగ తప్పు అంటే, సరిచూసుకున్నామనే అనిపిస్తుంది. ఐదు గళ్ళలో నాలుగు నిజంగానే కరెక్టు. క్రాసింగులు, అంటే అడ్డం నిలువు కోసుకునే గళ్ళు, కలిశాయి కాబట్టి సమాధానం కరెక్టు అని మనసు తీర్మానించేస్తుంది, కానీ ఏ అక్షరాలు కలిశాయో చూడండి. కరుడు అనే తోక దినకరుడిది, దివాకరుడిది, ప్రభాకరుడిది, విభాకరుడిది కూడా. అది కలవడం ఏమీ రుజువు చెయ్యదు. అందరికీ ఒకేలా ఉన్న చోట కలిసింది, తేడా ఉన్న ఒక్క చోట మీరు చూసుకోలేదు.

తెలుగు గళ్ళలో ఇది ఇంకా ఎక్కువ, పర్యాయపదాలు మనకి గుంపులు గుంపులుగా ఉంటాయి కాబట్టి, ఒక్కో గుంపుకీ ఒకటే తోక. తామర కావాలంటే జలజం, వనజం, నీరజం, వారిజం, అంబుజం, సరోజం, అన్నీ మూడక్షరాలే, అన్నిటికీ చివర "జం". మేఘం కావాలంటే జలదం, నీరదం, వారిదం, అంబుదం. సముద్రమైతే జలధి, వారిధి, అంబుధి. చివరి గడిలో "జం" పడిందని జలజం రాసేస్తే ఆరింటిలో ఒకటి గుడ్డిగా ఎంచుకున్నట్టు. అమరకోశం మూడు కాండలూ నోటికి వచ్చినవాళ్ళు ఇందులో ఎక్కువ పడతారు, వాళ్ళకి మొదట తట్టిన మాటే నూరుపాళ్ళు సరైనట్టు అనిపిస్తుంది, మాటలు తక్కువ తెలిసినవాళ్ళు గత్యంతరం లేక ఆధారాన్ని విప్పుకుంటూ వస్తారు, వాళ్ళకే కరెక్టుగా వస్తుంది.

పరిష్కారం రెండు భాగాలు, నింపేటప్పుడు ఒకటి, ఇరుక్కున్నాక ఒకటి.

నింపేటప్పుడు: ఆధారంలో ప్రతి మాటకీ పని చూపించండి. ఇది నేను కనిపెట్టిన నియమం కాదు. ఇంగ్లీషులో జిమెనీజ్ పేరుతో 1939 నుంచి అబ్జర్వర్ పత్రికకి గళ్ళు కూర్చిన మెక్‌నట్ నిలబెట్టిన పద్ధతి సారాంశం ఇదే, ఆధారంలో కచ్చితమైన అర్థం ఉండాలి, న్యాయమైన తయారీ ఉండాలి, మూడోది ఉండకూడదు. తెలుగులో మంచి గడి కూర్చేవాళ్ళు కూడా అంతే, వాక్యం అతకడానికి ఒక విభక్తో ఒక "నా"నో వాడతారేమో గానీ "నది" అంత మాటని ఊరికే పెట్టరు. కాబట్టి సమాధానం తట్టగానే రాయకండి, ఒక్కో మాట మీద వేలు పెట్టి ఇది ఎందుకుంది అని అడగండి. ఒక మాటకి పని దొరకలేదంటే సమాధానం ఇంకా రాలేదనే లెక్క.

పని దొరకలేదు, అయినా సూర్యుడనే నమ్మకం గట్టిగా ఉంది, అప్పుడు? అందరికీ ఉమ్మడిగా ఉన్న అక్షరాలే రాయండి. చివరి మూడు గళ్ళలో కరుడు రాసి మొదటి రెండూ ఖాళీగా వదిలేయండి. ఆ మూడు అక్షరాలు నిలువులకి ఎంత సాయం చెయ్యాలో అంతా చేస్తాయి, ఖాళీ గళ్ళు ఎవరికీ అడ్డం పడవు. తామరకి "జం" ఒక్కటే రాసి ఆగండి. ఇది ఒక్కటి అలవాటైతే మీ గళ్ళు సగంలో ఆగడం బాగా తగ్గిపోతుంది, ఎవరికి చెప్పినా ముందు ఇదే చెప్తాను, ఎవరూ చెయ్యరు, పూర్తి మాట కనిపిస్తుంటే సగం రాసి ఆగడం చెయ్యి ఒప్పుకోదు కాబట్టి.

ఇరుక్కున్నాక: ఆగిన ఆధారాన్ని చూస్తూ కూర్చోకండి. దాన్ని ఏ ఏ సమాధానాలు కోస్తున్నాయో చూసి, వాటిలో తయారీ వివరం మీరు చెప్పలేనిది ఏదో పట్టుకోండి. ఉంటుంది. దాన్ని చెరిపేసి, ఆ గడి ఖాళీ అనుకుని ఆగిన ఆధారాన్ని మళ్ళీ చదవండి. రెండు మూడు ఆధారాలు ఒకేసారి ఆగిపోయి, అవన్నీ ఒకే అడ్డాన్ని కోస్తుంటే ఇంక సందేహమే అక్కర్లేదు, దొంగ ఆ అడ్డమే. నిలువు మాట "ళ"తోనో "ణ"తోనో మొదలవ్వాల్సి వచ్చినా అంతే, అలాంటి మాట కోసం నిఘంటువు తిరగెయ్యకండి, పైనున్న అడ్డాన్ని చెరపండి.

కరెక్టు సమాధానం చెరిపేస్తానేమో అని భయపడతారు చాలామంది. కరెక్టయితే తయారీ వివరంతో సహా తిరిగి వస్తుంది, నష్టమేమీ లేదు.

తోటివాళ్ళని అడిగితే సమాధానం చెప్పేస్తున్నారు, మజా పోతోంది

మీరు అడిగే తీరు అలా ఉంది. "నిలువు 2 ఏంటి?" అంటే సమాధానమే చెప్తారు మరి. "నిలువు 2కి నా దగ్గర వా ఖాళీ ఖాళీ ఉంది, ఎటు నుంచి చూసినా అంటే తిరగేసినా ఒకేలా ఉండే మాట అనుకుంటున్నా, దారి కరెక్టేనా?" అని అడగండి. ఇలా అడిగితే అవతలివాళ్ళు సమాధానం జోలికే వెళ్ళరు, "దారి కరెక్టే, నీ వా చూసుకో" అంటారు. ఆ ఒక్క మాటతో మీ గడి మొత్తం విడిపోతుంది, విప్పింది కూడా మీరే అవుతారు.

చెప్పేవాళ్ళకి కూడా ఒక వరస ఉంది. ముందు అర్థం ఏ కొసన ఉందో చెప్పండి, అది చాలకపోతే తయారీ ఏ రకమో చెప్పండి, అక్షరం చెప్పడం ఆఖరున. మొదటే "చాలా ఈజీ" అనకండి, ఇరుక్కున్నవాళ్ళకి అది దేనికీ పనికిరాదు.

ఇక "నాది కూడా కరెక్టే" అనే వాదన. దివాకరుడు కూడా సూర్యుడే కదా అంటారు. సూర్యుడే, ఎవరు కాదన్నారు, నది ఎక్కడికి పోయిందో చెప్పమనండి. పర్యాయపదాల మీద గంట సేపు సాగే చర్చ ఆ ప్రశ్నతో నిమిషంలో తేలిపోతుంది. ఒకవేళ రెండో సమాధానానికి కూడా ప్రతి మాటకీ పని చూపించగలిగితే, క్రాసింగులూ ఒప్పుకుంటే, అప్పుడు అది నిజంగా రెండు జవాబుల ఆధారం, కూర్చినవాళ్ళకి చెప్పాల్సిందే.

అరుదుగా వచ్చేవి

ఆధారంలో తయారీయే కనపడకపోతే రెండు అర్థాల రకమేమో చూడండి, "నోట్లో ఉన్నా సర్కారుకి కట్టాలి (2)" లాంటిది, పన్ను. అచ్చుతప్పు, గడి నంబరు మారిపోవడం, కూర్చినవాళ్ళు పొరబడటం ఉంటాయి గానీ చాలా తక్కువ, తర్వాత సవరణ వేస్తారు. ఎప్పుడూ వినని మాట అనిపిస్తే తయారీ ప్రకారం అక్షరాలు పేర్చుకుని నిఘంటువులో ఉందో లేదో చూసుకోండి, ముందే నిఘంటువు తెరిచి మాట వెతకడం మాత్రం వద్దు, అక్కడ మళ్ళీ ఆరు తామరలు కనిపిస్తాయి.