24 గంటల నోటీసు: ఒంటారియోలో కొత్తగా అద్దెకు దిగినవారికి

కెనడాలోని ఒంటారియోకి వచ్చి మొదటిసారి బేస్‌మెంట్‌లోనో అపార్ట్‌మెంట్‌లోనో దిగినవాళ్ళు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "ఓనర్ ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి రావచ్చా అక్కా?" మామూలు రోజుల్లో అది చిరాకు పెట్టే విషయం. 2020లో కోవిడ్ వచ్చాక అదే భయం అయింది. ఆ ఏడాది మేము పడిన ఇబ్బందీ, చేసిన పొరపాటూ, తర్వాత తెలుసుకున్న చట్టమూ మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

అప్పుడు మేము బ్రాంప్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఓనర్ కుటుంబం పైన ఉండేది. వాళ్ళూ తెలుగువాళ్ళే. ఆయన్ని నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అని పిలిచేవారు. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ మొత్తానికీ ఒకటే, అది మా వంటగది పక్కన చిన్న గదిలో ఉండేది. కరెంటు ప్యానెల్ కూడా అక్కడే. పైనుంచి దిగే మెట్ల చివర ఒక తలుపు ఉండేది, దానికి మా వైపు గడియ లేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నాలుగు నెలల పాపని చాప మీద పడుకోబెట్టి పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. తలుపు తట్టిన చప్పుడు లేదు, తెరుచుకున్న చప్పుడే. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, చంకలో కొత్త ఫర్నేస్ ఫిల్టర్‌తో ఆయన దిగారు. "రెండు నిమిషాలమ్మా" అంటూ పాప చాప అంచు పక్కనుంచే నడిచి వెళ్ళారు. నాకు నోట మాట రాలేదు. అన్నయ్యగారూ అని పిలుస్తున్న మనిషిని "మీరు లోపలికి రాకండి" అని ఎలా అంటాం?

నోటితో అనలేనిది చేత్తో చేశాం. ఆ రాత్రి పెద్ద సూట్‌కేసు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టాం. మూడో రోజు రాత్రి పైన ఒక బ్రేకర్ పడిపోయి సగం ఇంటికి కరెంటు పోయింది. ఆయన వచ్చి తోస్తే తలుపు కదల్లేదు. మేము లేచి సూట్‌కేసు జరిపేసరికి ఆయన మెట్ల మీద కూలబడి ఉన్నారు. పైన ఆయన తల్లి నిద్రలో వాడే ఊపిరి మెషిన్ ఆ లైను మీదే ఉందట. "మీ ఆయన రోజూ వేర్‌హౌస్‌కి వెళ్ళొస్తాడు. మా అమ్మకి ఏమవుతుందో అని నేనూ భయపడుతూనే కిందికి దిగుతున్నానమ్మా" అన్నారు. మా పాప గురించి మేము ఎంత భయపడ్డామో, ఆయన అమ్మ గురించి ఆయనా అంతే భయపడ్డారు. ఆయన చెప్పకుండా రావడం తప్పు. మేము ప్యానెల్‌కి దారి మూసేయడం ఇంకా పెద్ద తప్పు.

ముందు చట్టం సంగతి. ఒంటారియోలో అద్దె ఇళ్ళకి 2006 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ యాక్ట్ వర్తిస్తుంది. అందులో 25 నుంచి 27 వరకు ఉన్న సెక్షన్లు ఓనర్ లోపలికి రావడం గురించే. చట్టం ఒప్పుకున్న సందర్భాల్లో తప్ప ఓనర్ లోపలికి రాకూడదు. మరమ్మతు చేయడానికీ, ఇల్లు సరైన స్థితిలో ఉందో లేదో చూడడానికీ, కొనేవాళ్ళకి చూపించడానికీ, బ్యాంకు లేదా ఇన్సూరెన్స్ మనిషిని తీసుకురావడానికీ కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అందులో కారణం, రోజు, సమయం మూడూ ఉండాలి. ఆ సమయం ఉదయం 8కీ రాత్రి 8కీ మధ్యలో ఉండాలి. "ఈ వారంలో ఎప్పుడైనా వస్తాను" అన్నది నోటీసు కాదు. కాగితాన్ని తలుపుకి అతికించి వెళ్ళినా అది చెల్లుతుంది, నా చేతికి ఇవ్వలేదు కదా అనడానికి లేదు.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నోటీసు సరిగ్గా ఉంటే మీ అనుమతి అక్కర్లేదు. మీరు ఇంట్లో ఉండాల్సిన అవసరమూ లేదు. "నేను ఆఫీసు నుంచి వచ్చాకే రండి" అని అడగవచ్చు, ఆయన ఒప్పుకుంటే మంచిదే, ఒప్పుకోకపోతే అడ్డుకోలేరు. ఓనర్‌ని అడ్డగించకూడదని 36వ సెక్షన్ చెబుతుంది. ఓనర్ ఒప్పుకోకుండా తాళం మార్చకూడదని 35వది చెబుతుంది. అంటే మా సూట్‌కేసు, కొందరు బిగించుకునే గొలుసు గడియ, రెండూ మన కేసుని మనమే పాడు చేసుకునే పనులు. అడ్డుకోవడం పదే పదే జరిగితే ఓనర్ ఎన్5 అనే ఫారం, అంటే ఖాళీ చేయమనే నోటీసు, ఇవ్వవచ్చు. అది వచ్చాక సరిదిద్దుకోవడానికి 7 రోజులు ఉంటాయి. కంగారు పడి ఇల్లు ఖాళీ చేయకండి, ఆ 7 రోజుల్లో అడ్డు తీసేసి, తీసేశామని రాసి పంపండి.

నోటీసు లేకుండా రాగలిగేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో. ఒకటి అత్యవసరం, రెండోది ఆ క్షణంలో మీరు సరే అనడం. ఈ రెండోదానితో జాగ్రత్తగా ఉండండి. తలుపు తట్టి "ఒక్కసారి చూసి వెళ్తాను" అంటే మొహమాటానికి తల ఊపుతాం చూడండి, అది చట్టం లెక్కలో అనుమతే. ఇష్టం లేకపోతే గుమ్మంలోనే నిలబడి "ఇప్పుడు వీలుపడదండీ, నోటీసు పంపండి, రేపు చూసుకోండి" అనండి. మర్యాదగా అంటే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా మీ తప్పు లేదు.

ఇవన్నీ మామూలు రోజుల సంగతులు. మహమ్మారి వచ్చినప్పుడు ఇవి మారాయా అంటే, మీరున్న ప్రావిన్సుని బట్టి జవాబు వేరు. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2020 మార్చి 30న ఉత్తర్వు ఇచ్చింది. 24 గంటల నోటీసు ఇచ్చినా సరే, ఆరోగ్యానికీ భద్రతకీ సంబంధించిన అత్యవసరం తప్ప అద్దెకున్నవాళ్ళు ఒప్పుకోనిదే ఓనర్ లోపలికి రాకూడదని అందులో ఉంది. ఆ ఏడాది జూన్ 24 నుంచి మళ్ళీ నోటీసుతో రావడానికి వీలిచ్చారు, దూరం పాటించడం, మాస్కు లాంటి జాగ్రత్తలతో. ఒంటారియోలో 2020 మార్చి 17న ఎమర్జెన్సీ ప్రకటించారు, కొన్నాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయించడం ఆపేశారు, కానీ 24 గంటల నోటీసు నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ రోజుల్లో బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్‌లో ఉన్న బంధువులు వాట్సాప్‌లో "మా దగ్గర రానివ్వక్కర్లేదు, మీరూ రానివ్వకండి" అని చెబితే ఇక్కడ నమ్మి తలుపులు వేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అద్దె చట్టం ఇక్కడ ప్రావిన్సుది. వేరే ప్రావిన్సు వాళ్ళు చెప్పిన మాట మీద నిలబడకండి, అమెరికాలో ఉన్నవాళ్ళు చెప్పినదాని మీద అసలే వద్దు.

మరి చట్టం మారనప్పుడు పసిపిల్లలో, జబ్బు మనిషో ఉన్న ఇంట్లో ఏం చేయాలి? రాసుకోవాలి. మేము చివరికి చేసింది అదే. కరెంటు పోయిన మర్నాడు మా ఆయన, అన్నయ్యగారు వెనక పెరట్లో రెండు మూలలా నిలబడి మాట్లాడుకున్నారు. మాట్లాడినదంతా ఆ సాయంత్రమే ఒక మెసేజ్‌గా రాసి పంపాను, ఆయన "సరే" అని జవాబిచ్చారు. నెలలో మొదటి శనివారం 11 గంటలకి ఆయన కిందికి వస్తారు, మేము పాపని తీసుకుని అరగంట బయటికి వెళ్తాం, ముందే కిటికీలు తీసి పెడతాం. ఆయన మాస్కుతో వచ్చి, వెళ్ళేటప్పుడు తలుపు పిడి, ప్యానెల్ మూత తుడుస్తారు. బ్రేకర్ పడితే ముందు ఫోన్ చేస్తారు, వీడియో కాల్‌లో చూపిస్తే మేమే పైకి లేపుతాం. మేము ఫోన్ ఎత్తకపోతే ఆయన నేరుగా రావచ్చు. తలుపుకి ఏదీ అడ్డం పెట్టం.

ఫిల్టర్ కూడా తర్వాత నేనే మార్చడం నేర్చుకున్నాను. ఆయన మెట్ల మీద పెట్టి వెళ్ళేవారు. అట్ట చట్రం అంచున బాణం గుర్తు ఉంటుంది, అది ఫర్నేస్ వైపు చూడాలి. గాలి ఎటు వెళ్తుందో ఆ బాణం చెబుతుంది. పాతది తీస్తే బూడిదరంగు దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటుంది, మెల్లగా లాగి సంచిలో వేసి మూతి కట్టేయాలి. ఫర్నేస్ ఆపి చేస్తే 5 నిమిషాల పని. ఇది ఓనర్ బాధ్యతే, మీరు చేయనక్కర్లేదు. కానీ మనిషి రాకుండా పని అయ్యే దారి ఉంటే, అంటువ్యాధి రోజుల్లో అంతకన్నా సుఖం లేదు. కారుతున్న కుళాయి ఫోటో, ఊడిన కబోర్డు తలుపు వీడియో పంపితే సగం "చూసి వెళ్తాను"లు వాటితోనే అయిపోతాయి.

ఏది వాయిదా వేయమని అడగాలో తెలిసి ఉండాలి. గోడకి రంగు, వంటగది కౌంటర్ మార్పు, ఊరికే ఇల్లు చూసుకోవడం ఆగగలిగేవి. నీళ్ళ పైపు పగలడం, గ్యాస్ వాసన, చలికాలంలో హీటింగ్ ఆగిపోవడం ఆగేవి కావు. స్మోక్ అలారం తనిఖీ కూడా కాదనకండి. ఏడాదికోసారి అది పరీక్షించడం ఓనర్ మీద ఫైర్ కోడ్ పెట్టిన బాధ్యత, మీ ప్రాణాల కోసమే.

ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే, రోగనిరోధక శక్తి తక్కువ ఉంటే ఇంకో అండ ఉంది. ఒంటారియో మానవ హక్కుల కోడ్ ఇళ్ళకీ వర్తిస్తుంది. వైకల్యం, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి, తనకి తీరని ఇబ్బంది కానంతవరకు ఓనర్ సర్దుబాటు చేయాలి. మాస్కు, తక్కువ మంది, ముందే సమయం ఖరారు చేయడం లాంటివి ఆ కారణంతో అడగండి. "మాకు భయంగా ఉంది" అని రాయడం కన్నా "ఇంట్లో ఫలానా ఇబ్బంది ఉంది, డాక్టర్ లెటర్ ఇవ్వగలం, ఈ మూడు జాగ్రత్తలు పాటించండి" అని రాస్తే మీ మాటకి బలం ఉంటుంది. కావాల్సింది కచ్చితంగా చెప్పండి, మీరు ఇవ్వగలిగిన రోజులూ రెండు మూడు చెప్పండి. వద్దు అని మాత్రం రాసి ఆగిపోకండి.

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు గొడవలు ఇంకా ముదురుతాయి. కొనేవాళ్ళని తీసుకొచ్చే ఏజెంట్‌కి కూడా 24 గంటల నోటీసు నియమమే, ఓనర్ రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఉండాలి. మీరు ఖాళీ చేస్తున్నట్టు నోటీసు ఇచ్చేశాక కొత్త అద్దెవాళ్ళకి చూపించడానికైతే 24 గంటలు అక్కర్లేదు, ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు, ముందు మీకు చెప్పే ప్రయత్నం చేస్తే చాలు. ఈ తేడా చాలామందికి తెలియదు. కోవిడ్ కాలంలో ఒంటారియో ఆంక్షలు గట్టిగా ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి ఇల్లు చూసే ఓపెన్ హౌస్‌లు ఆపేసి, అపాయింట్‌మెంట్ ఉంటేనే చూడనిచ్చారు. అలాంటి రోజులు మళ్ళీ వస్తే ఒకే రోజు ఒక గంటలో అందరినీ రప్పించమని ఏజెంట్‌ని అడగండి. లైట్లన్నీ వేసి, లోపలి తలుపులు తెరిచి మీరు బయటికి వెళ్ళిపోతే వచ్చినవాళ్ళు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం మరిచిపోవద్దు. ఓనర్‌తోనో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతోనో మీరు వంటగదీ బాత్రూమూ పంచుకోవాల్సిన ఏర్పాటు అయితే, అందులో ఏ ఒక్కటి పంచుకోవాల్సి వచ్చినా, పైన చెప్పిన అద్దె చట్టం మీకు వర్తించదు. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఎక్కువగా ఇలాంటి గదుల్లోనే దిగుతారు. అక్కడ మీకు రక్ష మీరు ముందే రాయించుకున్న కాగితమే, కాబట్టి గదిలోకి ఎవరు ఎప్పుడు రావచ్చో దిగకముందే రాయించుకోండి. బేస్‌మెంట్‌కి సిటీ అనుమతి లేకపోయినా, వేరే వంటగది, బాత్రూమ్ ఉంటే మాత్రం చట్టం మీకు వర్తిస్తుంది. "ఇది లీగల్ యూనిట్ కాదు, నీకు హక్కుల్లేవు" అంటే నమ్మకండి.

ఎంత చెప్పినా వినకుండా పదే పదే వస్తుంటే ప్రతిసారీ తేదీ, సమయం, ఎంతసేపు ఉన్నారో రాసి పెట్టుకోండి. తలుపుకి అంటించిన కాగితాన్ని పీకేముందు ఫోటో తీయండి. ఒకసారి ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత ప్రావిన్సు మున్సిపల్ వ్యవహారాల శాఖలోని రెంటల్ హౌసింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ యూనిట్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు ఓనర్‌తో మాట్లాడతారు, చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. అదీ కాకపోతే అద్దె తగాదాలు తేల్చే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డ్‌లో టీ2 దరఖాస్తు, అంటే అద్దెకున్నవాళ్ళు ఓనర్ మీద ఇచ్చే ఫిర్యాదు, వేయవచ్చు. అద్దెలో కొంత వెనక్కి ఇప్పించడం, ఇలా చేయొద్దని ఆదేశించడం, జరిమానా వేయడం బోర్డు చేయగలదు. హక్కు అడిగినందుకు కక్షతో ఖాళీ చేయించాలని చూస్తే, అసలు కారణం అదేనని తేలినప్పుడు బోర్డు ఒప్పుకోకూడదని చట్టంలోనే ఉంది. ఆదాయం తక్కువైతే మీ ప్రాంతంలోని కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లో ఉచితంగా సలహా దొరుకుతుంది. 211కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఏది ఉందో చెబుతారు.

టీ2 వేయడానికి సంఘటన జరిగిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది. రాసిపెట్టుకున్న మొదటి తేదీ ఏదో చూసుకుని, ఆ ఏడాది దాటకముందే వేయండి.