చిన్న వయసులోనే డబ్బు చేతికొచ్చి మనసు మొరాయిస్తే ఏం చేయాలి

ఇరవై ఎనిమిదేళ్లకో ముప్పై ఏళ్లకో జీవితాంతానికి సరిపడే సొమ్ము చేతికి రావడం ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఎక్కడా వినని సంగతేమీ కాదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో తాను పనిచేసిన చిన్న కంపెనీని పెద్ద కంపెనీ కొనేయడంతో షేర్లు సొమ్ము చేసుకున్న అమ్మాయి ఉంటుంది. కొత్త రహదారి కింద పొలం పోయి పరిహారం అందుకున్న కుర్రవాడు ఉంటాడు. బజారు నడుమ తాతల నాటి స్థలం అమ్మితే వాటా వచ్చినవారు ఉంటారు. వీరిలో కొందరు ఏడాది తిరగకుండానే ఉద్యోగం మానేసి సొంత ఊరు చేరుతున్నారు. పొద్దున లేవబుద్ధి కాక, చేద్దామనుకున్నదేదీ మొదలుపెట్టలేక, ఆ మాట ఎవరితో అనాలో తెలియక గదిలో ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు. అంటే వచ్చే జవాబు వారికి ముందే తెలుసు: "నీకేం తక్కువరా?" ఈ ప్రశ్నకు నిజమైన సమాధానం ఒకటుంది. ఏం చేయాలన్నది దాన్ని బట్టే తేలుతుంది కనుక ముందు అదే చూద్దాం.

1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గరలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, ఆమెతో కలిసి పనిచేసిన పరిశోధకులు అక్కడికి వెళ్లి చూస్తే, తీరిక బోలెడంత ఉన్నా జనం గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్లు వీధిలో నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగడుగులు వేస్తున్నారు. ఉద్యోగం జీతంతో పాటు అడగకుండానే మరో అయిదింటిని ఇస్తుందని యహోదా తర్వాతి కాలంలో వివరించారు: రోజుకు ఒక వరస, ఇంటి బయటి మనుషులతో మాట, పదిమందితో కలిసి సాధించే లక్ష్యం, నలుగురిలో ఒక గుర్తింపు, చేతికి పని. మారియెంతాల్ వారికి జీతమూ పోయింది, ఈ అయిదూ పోయాయి. మీకు జీతం అవసరం మాత్రమే తీరింది, కానీ ఉద్యోగం మానేసిన రోజున మిగిలిన అయిదూ దానితో పాటే వెళ్లిపోయాయి. మీకు తక్కువైనవి అవే.

ఇది మీ ఒక్కరి స్వభావంలోని లోపం కాదనడానికి ఉదాహరణలు చాలానే ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌ను తయారుచేసిన స్వీడన్ వాసి మార్కస్ పెర్సన్ తన కంపెనీని 2014లో మైక్రోసాఫ్ట్‌కు 250 కోట్ల డాలర్లకు అమ్మాడు. మరుసటి ఏడాదే, ఏం కావాలన్నా చేయగలిగే స్థితిలో ఉండి కూడా ఇంత ఒంటరితనం ఎన్నడూ ఎరగనని బహిరంగంగా రాసుకున్నాడు. 1978లో అమెరికాలో 22 మంది లాటరీ విజేతలను పలకరించి చేసిన అధ్యయనంలో, స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి ఫలహారం వంటి మామూలు సంతోషాలు వారికి ఇతరుల కంటే తక్కువ రుచిస్తున్నట్టు కనిపించింది. అయితే దీన్ని పట్టుకుని "డబ్బు పాపిష్టిది" అని అంతా దానం చేసేయాలనుకోవడం తొందరపాటు, ఎందుకంటే స్వీడన్‌లో చాలా పెద్ద సంఖ్యలో లాటరీ విజేతలను పరిశీలించి 2020లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద మొత్తం గెలిచినవారికి జీవితం పట్ల తృప్తి ఏళ్ల తరబడి పెరిగే ఉందని తేలింది. డబ్బు వల్ల వచ్చిన నిశ్చింత నిజమైనదే, దాన్ని కాపాడుకోవాలి. పోయిన అయిదింటినీ మాత్రం విడిగా, ఒక్కొక్కటిగా తిరిగి కట్టుకోవాలి.

మొదట చేయవలసినది డబ్బును కొంతకాలం కదలకుండా కూర్చోబెట్టడం. మనసు బాగులేనప్పుడు రోజుకు పదిసార్లు ఖాతా చూసుకునే అలవాటు పడుతుంది, చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. పన్ను లెక్క ఆడిటరు చేత తేల్చి, కట్టవలసినది కట్టేసి, మిగిలినది నష్టభయం తక్కువ ఉన్న చోట్ల ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంచండి. బ్యాంకు డిపాజిట్లకు బీమా అసలూ వడ్డీ కలిపి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి ₹5 లక్షల వరకే వర్తిస్తుంది కనుక, మొత్తం ఒకే సహకార బ్యాంకులో పెట్టమని ఎవరెంత బతిమాలినా ఒప్పుకోవద్దు. ఇంటి ఖర్చులకు నెలకు ఇంత అని, మునుపటి జీతంలాగా, ఒకటో తేదీన వేరే ఖాతాలోకి పడే ఏర్పాటు చేసుకోండి. ఇక ఫోనులోని ట్రేడింగ్ యాప్ సంగతి: ఉత్సాహం చచ్చిపోయినవాడికి ఆప్షన్స్‌లో, అంటే షేర్ల ధర ఎటు పోతుందో అన్నదాని మీద కాసే పందెంలాంటి లావాదేవీల్లో, దొరికే గుండెదడ ఉత్సాహంలాగే ఉంటుంది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి, ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ఈ తరహా లావాదేవీల్లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ప్రకటించింది. ఆ యాప్ తీసేయండి.

బంధువుల విషయం దీనికంటే కష్టమైనది, మన ఊళ్లలో మరీ కష్టం. మహానగరంలో ఎవరికెంత వచ్చిందో పక్క ఫ్లాటువారికి తెలియదు. ఇక్కడ వీధి అరుగు మీద సాయంత్రానికల్లా అంకె తెలిసిపోతుంది, రాత్రికి అది రెట్టింపవుతుంది, వారం తిరిగేసరికి ఇచ్ఛాపురం అవతల నుంచి, ఎన్నడూ పెళ్లిపత్రిక కూడా పంపని వరస బావ ఒకరు రైలు దిగుతారు. అలా వచ్చిన ప్రతివారినీ అనుమానించడం మొదలుపెడితే మనిషి ముఖం చూడగానే "ఎంత అడుగుతాడో" అన్న లెక్క వస్తుంది. మీ ఒంటరితనంలో సగం ఈ లెక్కే. దానికి మందు ముందే గీసుకున్న గీత. ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టండి, అది వైద్యానికీ చదువుకీ మాత్రమే అని ఇంట్లో చెప్పండి, ఫీజైతే నేరుగా కళాశాలకు, బిల్లైతే నేరుగా ఆసుపత్రికి కట్టండి. ఇచ్చినది తిరిగి రాదనుకునే ఇవ్వండి, అప్పుగా ఇచ్చి మనిషిని పోగొట్టుకోవద్దు. అప్పే ఇవ్వక తప్పకపోతే బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ₹20,000 గాని అంతకు మించి గాని అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ముఖం మీద కాదనలేనివారికి "మా ఆడిటరు గారు ఈ ఏడాది వద్దన్నారు మావయ్యా" అనే ఒక్క వాక్యం చాలు. ఆడిటర్లకు ఈ నింద అలవాటే.

ఇప్పుడు రోజు సంగతి. పొద్దున నాలుగింటికి లేచి చన్నీళ్లు పోసుకోమనే వీడియోలు పక్కన పెట్టండి, అవి ఇప్పటికే ఉత్సాహం ఉన్నవారికి పనికొచ్చేవి. ఒక మామూలు నోటుబుక్కు కొని, రెండు వారాల పాటు గంట గంటకూ ఏం చేశారో ఒక ముక్కలో రాసి, పక్కన పదికి ఎన్ని మార్కులో వేయండి. మనోవైద్యులు నిరుత్సాహంతో వచ్చినవారి చేత చేయించే పనే ఇది. రెండు వారాల తర్వాత చూస్తే, ఆరేడు మార్కులు పడినవి మీరు ఊహించినవి కావని తెలుస్తుంది: అమ్మతో కూరగాయలకు వెళ్లిన అరగంట కావచ్చు, పక్కింటి పిల్లాడికి లెక్క చెప్పిన పది నిమిషాలు కావచ్చు. అలాంటివాటిలో రెండింటిని రోజూ ఒకే వేళకు పెట్టుకుని, మనసు ఉన్నా లేకపోయినా చేయండి. ఉత్సాహం పుట్టాక పని మొదలుపెడదామని కూర్చున్నవారికి అది పుట్టదు. పని మొదలైన పావుగంటకు, అదీ కొన్ని రోజులకే, కొద్దిగా వస్తుంది. మొదట్లో అంతమాత్రం చాలు.

అన్నింటికంటే ముఖ్యమైనది, నా దృష్టిలో అసలు చికిత్స, మీరు వెళ్లకపోతే ఎవరికో ఒకరికి పని ఆగిపోయే చోటు వెతుక్కోవడం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేని బరంపురంలో చెట్లు నరికినవారిని, నీళ్లు మోసినవారిని అడగండి, ఆ రోజుల్లో ఎవరికీ మంచం మీద పడుకోబుద్ధి కాలేదు. తుఫాను కోసం ఎదురుచూడనక్కరలేదు గాని, అవసరపడటం అనే అనుభవం మాత్రం కావాలి. దానికి రెండు షరతులు: అక్కడ మీ డబ్బు అక్కరకు రాకూడదు, మీకు ఆ పనిలో అందరికంటే తక్కువ తెలియాలి.

బరంపురంలో ఉన్నవారికి నేత మగ్గం కంటే మంచి బడి కనిపించదు. పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో ఎవరైనా పెద్దాయన ఒప్పుకుంటే, వారానికి మూడు పొద్దులు వెళ్లి కూర్చోండి. గుంటలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కుతూ, అడ్డపోగును మోసే నాడెను కుడి చేతి నుంచి ఎడమకు విసరడం చూడటానికి తేలికగా ఉంటుంది. మీ చేతిలో అది సగం దూరం పోయి పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఇరుక్కుంటుంది, ఒక పోగు టప్పున తెగుతుంది. తెగిన పోగు కొసలు రెండూ వెతికి పట్టుకుని, వేలికొసలు తడిచేసుకుని, వెంట్రుక కంటే సన్నని ఆ పట్టును ముడివేసేవరకు అడ్డపోగు, అంటే పేక, ఒక్క వరస కూడా ముందుకు జరగదు. కోటి ఉన్నవాడికైనా, కూలికి నేసేవాడికైనా ముడి ఒకటే. పెద్దాయన కోప్పడతారు, అది మంచిదే, చాలా నెలలుగా మిమ్మల్ని కోప్పడినవారు ఉండి ఉండరు. ఒక నెల పోయాక, మీరు రాని రోజున "ఆ గుంటడు ఏడీ" అని ఆయన అడిగారని తెలిస్తే సగం గెలిచినట్టే.

మగ్గం పడనివారికి మరో పని ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుతూ, తెలుగు అక్షరం రాని పిల్లలు రాయగడలోనూ, గుణుపురంలోనూ, పర్లాకిమిడిలోనూ ప్రతి వీధిలో కనబడతారు. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆయన అక్కడ ఉండే సవర గిరిజనుల భాష కూడా నేర్చుకుని దానికి పుస్తకాలు రాశారు. ఆదివారం పొద్దున ఎనిమిది మంది పిల్లలకు అ ఆలు దిద్దించడానికి అంత పాండిత్యం అక్కరలేదు, ప్రతి ఆదివారం తప్పకుండా రావడమే కావాలి. పలకలు మీరే కొనిపెట్టవద్దు, ఎవరి పలక వారు తెచ్చుకోమనండి, లేకపోతే మూడో వారానికి మీరు మాస్టారు నుంచి దాతగా మారిపోతారు.

ఈ తేడా బరంపురం అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్రలో బాగా కనబడుతుంది. రెండేళ్లకోసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణిని నేతకారుల పెద్ద అయిన దేశిబెహరా, తండ్రి వరసలో, పుట్టింటికి పిలుచుకొస్తారు; మొక్కున్నవారు వేషాలు కడతారు. కొత్తగా డబ్బు వచ్చినవారి దగ్గరకు వీధి కమిటీ చందా పుస్తకంతోనే వస్తుంది. అందరితో సమానంగా రాసి, మిగతాది శ్రమగా ఇస్తానని చెప్పండి: రాత్రి కాపలా, క్యూ సర్దడం, నీళ్ల డ్రమ్ములు నింపడం. పెద్ద మొత్తం రాసినవారికి కుర్చీ వేస్తారు, కుర్చీలో కూర్చున్నవారితో ఎవరూ కబుర్లు చెప్పరు.

ఇంట్లో ఒక సంగతి చాలామంది గమనించరు. డబ్బు రాగానే కొడుకు చేసే మొదటి మంచిపని "ఇంక చాలు నాన్నా" అని తండ్రి చేత కొట్టు మూయించడం. ఆయన రోజూ ఎనిమిదింటికి షట్టరు ఎత్తి, అగరొత్తి వెలిగించి, ఒడియా, తెలుగు రెండూ కలిపి బేరాలాడుతూ పాతికేళ్లు గడిపిన మనిషి. కొట్టు మూసిన ఆరునెలలకు ఇంట్లో ఒకే జబ్బుతో ఇద్దరు కూర్చుని ఉంటారు. ఆయన మోకాళ్లు నొప్పులైతే కుర్రాణ్ణి పెట్టించండి, సమయం తగ్గించండి, షట్టరు తాళం మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి.

స్నేహితుల విషయంలో, డబ్బుకు ముందు నుంచీ ఉన్న ఇద్దరు ముగ్గురిని వదలవద్దు. ప్రతిసారీ బిల్లు మీరే కట్టడం వారికి గౌరవం కాదు. టీ డబ్బులు వారిని ఇవ్వనివ్వండి, బండి చెడిపోతే వారినే పిలవండి, సాయం అడగండి. వీరితో చెప్పుకోలేని మాటలు కొన్ని ఉంటాయి, వాటికోసం ఇదే స్థితిలో ఉన్న ఒకరిద్దరిని, పాత కంపెనీలోని తోటివారినే, పట్టుకుని నెలకోసారైనా ఫోనులో మాట్లాడండి. పెళ్లి సంబంధాలు ఈ సమయంలోనే ముసురుతాయి, ముఖ్యంగా అమ్మాయిలకు. ఇంట్లోవారిని నొప్పించకుండా ఆరు నెలలు గడువు అడగడంలో తప్పులేదు.

దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉంటే, నిద్ర, ఆకలి తప్పితే, మద్యం తాగడం పెరిగితే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, పైన చెప్పినవాటిని నమ్ముకుని ఆగవద్దు. 14416 నంబరు టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవది, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఖర్చులేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊళ్లో ఎవరైనా చూస్తారన్న మొహమాటం ఉంటే విశాఖపట్నం వెళ్లండి.

కొత్త వ్యాపారం గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మొదటి ఏడాది వద్దు. ఆ తర్వాత కూడా, మొత్తం పోయినా ఒకటో తేదీన ఖాతాలో పడే మొత్తం మారనంత సొమ్ముతోనే, రోజూ మీరే వెళ్లి కూర్చోగలిగే దూరంలోనే పెట్టండి. బంధువును భాగస్వామిగా చేర్చుకోక తప్పకపోతే ఒప్పందం రిజిస్టరు చేయించి, ప్రతి నెలా అయిదో తేదీలోగా ఇద్దరూ లెక్కలు చూసి సంతకాలు పెట్టాలన్న షరతు అందులోనే రాయించండి.