రైస్‌మిల్లు కాంటా ఆఫీసులో టామ్‌క్యాట్ సర్వర్ ఎలా పెట్టుకోవాలి?

మిర్యాలగూడ వైపు యాసంగి వడ్లు దిగే రోజుల్లో కాంటా ముందు లారీల వరుస తెల్లారేదాకా తెగదు. కాంటా చీటీలు, తేమ శాతం, బస్తాల లెక్క అన్నీ వెబ్ అప్లికేషన్‌లో ఎక్కించుకునే మిల్లులో సర్వర్ పది నిమిషాలు ఆగితే చాలు, ఆ వరుస రోడ్డెక్కుతుంది. ఇలాంటి అప్లికేషన్‌ను అపాచీ టామ్‌క్యాట్ (జావాలో రాసిన వెబ్ అప్లికేషన్లను నడిపే ఉచిత సర్వర్) మీద ఎలా నడపాలో ఇక్కడ చూద్దాం. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఎవరూ లేని అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినా సర్వర్ తనంతట తాను లేవాలి. కింది పనులన్నీ ఆ లెక్కతోనే చెప్తున్నాం.

ముందు వెర్షన్ తేల్చుకోండి

టామ్‌క్యాట్ 9 జావా 8 మీద కూడా నడుస్తుంది. 10.1కి కనీసం జావా 11, టామ్‌క్యాట్ 11కి జావా 17 కావాలి. అయితే అసలు చిక్కు జావాతో కాదు, పేర్లతో. 10వ వెర్షన్ నుంచి సర్వ్‌లెట్ (బ్రౌజర్ అడిగినదానికి జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీల పేర్లు ‘జావాఎక్స్’ బదులు ‘జకార్తా’ అని మొదలవుతాయి. ఎప్పుడో 9 కోసం రాసిన వార్ ఫైల్‌ను (అప్లికేషన్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టిన ఫైల్) తెచ్చి 10లో వేస్తే సర్వ్‌లెట్ క్లాస్ దొరకలేదని లాగ్‌లో పడుతుంది, బ్రౌజర్‌లో 404 (పేజీ దొరకలేదు) కనిపిస్తుంది. సోర్స్ కోడ్ చేతిలో ఉంటే పేర్లు మార్చి మళ్లీ బిల్డ్ చేయండి. లేకపోతే వెబ్‌యాప్స్ ఫోల్డర్ పక్కనే ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ అనే ఫోల్డర్ తెరిచి వార్‌ను అందులో పెట్టండి. టామ్‌క్యాటే దాన్ని కొత్త పేర్లలోకి మార్చి వెబ్‌యాప్స్‌లో వేసుకుంటుంది. చాలా అప్లికేషన్లకు ఇది సరిపోతుంది.

ఇక్కడి ఉదాహరణకు ఉబుంటు 24.04, జావా 17, టామ్‌క్యాట్ 10.1, మైఎస్‌క్యూఎల్ 8 తీసుకుంటున్నాం. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు మిషన్ ఒక మిల్లుకు ఎక్కువే.

ఇన్‌స్టాల్ చేయడం

మొదట ఓపెన్‌జేడీకే 17 ఎక్కించండి. జేఆర్‌ఈ ఒక్కటే వేసుకుంటే తర్వాత తప్పు వెతకడానికి కావలసిన జేస్టాక్ లాంటి పనిముట్లు ఉండవు, కాబట్టి జేడీకేనే వేయండి. తర్వాత టామ్‌క్యాట్ పేరుతో లాగిన్ లేని యూజర్‌ను తయారుచేయండి. సర్వర్‌ను రూట్ యూజర్ కింద నడపడం అంటే మిల్లు తాళాలన్నీ గేటుకే వేలాడదీయడం.

అపాచీ టామ్‌క్యాట్ సైట్ నుంచి కోర్ అనే టార్ ఫైల్ దించుకుని, దాని ఎస్‌హెచ్‌ఏ-512 విలువ సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూసుకోండి. ఆప్ట్ డైరెక్టరీలో వెర్షన్ నంబర్ ఉన్న పేరుతోనే విప్పి, దానికి ‘టామ్‌క్యాట్’ అనే సింబాలిక్ లింక్ పెట్టండి. మన సొంత ఫైళ్లు మాత్రం అందులో ఉంచకండి. ఎస్‌ఆర్‌వీ డైరెక్టరీలో ‘మిల్లు’ అని వేరే ఫోల్డర్ తెరిచి బిన్, కాన్ఫ్, లిబ్, లాగ్స్, టెంప్, వెబ్‌యాప్స్, వర్క్ ఫోల్డర్లు చేయండి. ఒరిజినల్ కాన్ఫ్‌లోని ఫైళ్లన్నీ కొత్త కాన్ఫ్‌లోకి కాపీ చేసి, మొత్తం ఫోల్డర్‌ను టామ్‌క్యాట్ యూజర్ పేరున పెట్టండి. విప్పిన ఫోల్డర్ క్యాటలినా హోమ్, మన ఫోల్డర్ క్యాటలినా బేస్. ఈ పని మొదట్లో అనవసరపు తంటాలా అనిపిస్తుంది కానీ అప్‌గ్రేడ్ రోజున ఇదే కాపాడుతుంది.

ఇలా పెట్టి స్టార్ట్ చేసి 8080 పోర్ట్‌లో చూస్తే పిల్లి బొమ్మ ఉన్న స్వాగత పేజీ రాదు, 404 వస్తుంది. కంగారు పడకండి. ఆ పేజీ, ఎగ్జాంపుల్స్, మేనేజర్ అన్నీ హోమ్‌లోని వెబ్‌యాప్స్‌లో ఉండిపోయాయి, మన వెబ్‌యాప్స్ ఖాళీగా ఉంది. అవి బయటికి కనిపించకపోవడమే మంచిది.

సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో రెండు చోట్ల చూడండి. 8005 అని ఉండే షట్‌డౌన్ పోర్ట్‌ను మైనస్ 1 చేయండి. 8009 ఏజేపీ కనెక్టర్ (ముందున్న వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌తో మాట్లాడే పాత దారి) కామెంట్‌లోనే, అంటే పనిచేయకుండానే ఉందని నిర్ధారించుకోండి. 2020లో గోస్ట్‌క్యాట్ పేరుతో బయటపడిన లోపం దీని గుండానే వచ్చింది. ఎవరో ఇచ్చిన పాత కాన్ఫిగ్‌ను యథాతథంగా వాడేవాళ్ల దగ్గర అది ఇంకా తెరిచే ఉంటుంది.

తనంతట తాను లేవాలంటే

ఉబుంటులో సర్వీసులను లేపి, కాపలా కాసేది సిస్టమ్‌డీ. దానికి సర్వీస్ ఫైల్ ఒకటి రాయండి. అందులో యూజర్ టామ్‌క్యాట్, హోమ్, బేస్ దారులు ఇచ్చి, స్టార్ట్ కమాండ్‌గా క్యాటలినా స్క్రిప్ట్‌ను ‘రన్’ అనే మాటతో పెట్టండి. ‘స్టార్ట్’ అని పెడితే అసలు ప్రాసెస్ వెనక్కి వెళ్లిపోతుంది, స్క్రిప్ట్ ముగిసింది కాబట్టి సర్వీసే ఆగిందని సిస్టమ్‌డీ అనుకుంటుంది. ‘ఆఫ్టర్’ వరుసలో మైఎస్‌క్యూఎల్ సర్వీస్ పేరు రాయండి. అది లేకపోతే కరెంటు వచ్చాక టామ్‌క్యాట్ ముందు లేచి, డేటాబేస్ దొరకక అప్లికేషన్‌ను మొదట్లోనే వదిలేయవచ్చు. రీస్టార్ట్ ‘ఆల్వేస్’ చేయండి. సక్సెస్ ఎగ్జిట్ స్టేటస్ 143 అని ఒక వరుస చేర్చండి. సర్వర్‌ను పద్ధతిగా ఆపినప్పుడు జావా ఇచ్చే అంకె అదే, చెప్పకపోతే సిస్టమ్‌డీ దాన్ని ఫెయిల్ అని ఎర్రగా చూపిస్తుంది. చివరగా సర్వీస్‌ను ఎనేబుల్ చేయడం మర్చిపోకండి.

ఇక మిషన్ బయాస్‌లోకి వెళ్లి, కరెంటు తిరిగి వచ్చినప్పుడు దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. అయ్యాక ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి ఒకసారి చూడండి. యూపీఎస్ ఎలాగూ ఉండాలి. సర్వర్‌ను ఊక దుమ్ము లేచే షెడ్డుకు దూరంగా, నల్లగొండ మే ఎండను దృష్టిలో పెట్టుకుని గాలి ఆడే గదిలో పెట్టాలి. దుమ్ము పట్టి ఆగిపోయిన ఫ్యాన్‌ను ఏ సెట్టింగూ తిప్పలేదు.

మెమరీ, గడియారం

బేస్‌లోని బిన్ ఫోల్డర్‌లో సెట్‌ఎన్వ్ అనే స్క్రిప్ట్ పెట్టి, జావా హీప్ (అప్లికేషన్ వాడుకునే మెమరీ) మొదటి సైజు, గరిష్ఠ సైజు రెండూ 1 జీబీ ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే జావా మిషన్ ర్యామ్‌లో నాలుగో వంతు దాకా తీసుకుంటుంది. మెమరీ నిండినప్పుడు హీప్ డంప్ రాసే ఆప్షన్ కూడా అక్కడే చేర్చండి.

అదే ఫైల్‌లో టైమ్‌జోన్ ‘ఆసియా/కోల్‌కతా’ అని పెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. అద్దెకు తీసుకునే క్లౌడ్ మిషన్లు చాలావరకు యూటీసీ గడియారంతో వస్తాయి, మన టైమ్‌కు అది ఐదున్నర గంటలు వెనక. రాత్రి 2 గంటలకు కాంటా ఎక్కిన బండి ముందు రోజు రాత్రి 8:30కి ఎక్కినట్టు చీటీ వస్తుంది. పగలు వచ్చే బండ్లకు తేదీ మారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నెలాఖరున లెక్క కూడినప్పుడు ఒకటో తేదీ తెల్లవారుజాము బండ్లన్నీ పాత నెలలో తేలతాయి. మైఎస్‌క్యూఎల్ టైమ్‌జోన్ కూడా చూసుకోండి.

డేటాబేస్ కనెక్షన్లు

మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ జార్‌ను బేస్‌లోని లిబ్‌లో వేసి, కాన్ఫ్‌లోని కాంటెక్స్ట్ ఫైల్‌లో డేటా సోర్స్ రాయండి. ఒకే కనెక్షన్ తెరిచి స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకునే కోడ్ ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. ఎనిమిది గంటలు, అంటే 28,800 సెకన్లు పని లేకుండా ఉన్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగ్‌లో తెంపేస్తుంది. సాయంత్రం మూసి పొద్దున తెరిస్తే మొదటి చీటీకే ఎర్రర్. డేటా సోర్స్ ఇచ్చే పూల్ (తెరిచి ఉంచి అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపు) వాడితే ఈ బాధ పోతుంది.

అయితే పూల్‌కు దాని బాధ దానికుంది. టామ్‌క్యాట్‌తో వచ్చే పూల్ ఏమీ చెప్పకపోతే 8 కనెక్షన్లే ఇస్తుంది, ఖాళీ లేకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. కోడ్‌లో ఎక్కడో ఎర్రర్ వచ్చిన దారిలో కనెక్షన్ మూయలేదనుకోండి. ఆ దారిలో వెళ్లిన ప్రతిసారీ ఒకటి పోతుంది. ఎనిమిది పోయాక తొమ్మిదో బండికి పేజీ తిరుగుతూనే ఉంటుంది, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది, రెండు రోజులకు మళ్లీ అదే. అందుకని మ్యాక్స్‌టోటల్ 20, మ్యాక్స్‌వెయిట్‌మిల్లిస్ 10,000 (అంటే 10 సెకన్లు) పెట్టండి. రిమూవ్ అబాండన్డ్ ఆన్ బారో, లాగ్ అబాండన్డ్ అనే రెండు సెట్టింగులనూ ‘ట్రూ’ చేయండి. కనెక్షన్‌ను ఏ వరుసలో తెరిచి వదిలేశారో లాగ్‌లో పేరుతో సహా పడుతుంది. అసలు మందు మాత్రం కోడ్‌లో ‘ట్రై విత్ రిసోర్సెస్’ (ఎర్రర్ వచ్చినా కనెక్షన్‌ను తప్పక మూసే జావా పద్ధతి) వాడటమే.

కోడ్ రాసేవాళ్లు తప్పే చోటు

టామ్‌క్యాట్ ఒక సర్వ్‌లెట్‌కు ఒకే ఆబ్జెక్ట్ తయారుచేసి, మామూలుగా 200 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల) దాకా దాని మీదే నడుపుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు ఎక్కదు, కాంటా దగ్గర ఎక్కుతుంది. బరువును సర్వ్‌లెట్ క్లాస్ ఫీల్డ్‌లో పెట్టారనుకుందాం. మొదటి కాంటా గుమాస్తా 28,460 కిలోల నిండు బండి ఎక్కించి సేవ్ నొక్కాడు. అది డేటాబేస్‌కు చేరేలోపు రెండో కాంటా నుంచి 31,200 వచ్చి అదే ఫీల్డ్‌లో కూర్చుంది. రెండు చీటీల మీదా 31,200 పడింది. తేడా 2,740 కిలోలు, 40 కిలోల బస్తాల్లో 68 దాటింది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, ఒక్కరే కూర్చుని టెస్ట్ చేస్తే ఎప్పటికీ దొరకదు. విలువలన్నీ మెథడ్ లోపలి వేరియబుల్స్‌లోనే పెట్టండి. సీజన్‌కు ముందు అపాచీ జేమీటర్ అనే టెస్టింగ్ పనిముట్టుతో 50 మంది ఒకేసారి వేర్వేరు బరువులు ఎక్కిస్తున్నట్టు నడిపి, పంపిన అంకెలూ డేటాబేస్‌లో పడిన అంకెలూ సరిచూడండి.

అప్లికేషన్‌ను బిల్డ్ చేసే మేవెన్‌లో సర్వ్‌లెట్ ఏపీఐ డిపెండెన్సీ స్కోప్ ‘ప్రొవైడెడ్’ అని ఉండాలి. దాన్ని వార్‌లో మూటగట్టకూడదు.

రైతుల పేర్లు తెలుగులో ఎక్కిస్తుంటే రెండు రకాల పాడు కనిపిస్తుంది. వరసగా ప్రశ్న గుర్తులే వస్తే టేబుల్ గానీ కనెక్షన్ గానీ లాటిన్-1లో ఉందని, అసలు అక్షరాలు పోయాయని అర్థం. అవి తిరిగి రావు. నెత్తిన గీతలు, చుక్కలు ఉన్న యూరప్ అక్షరాలు వస్తే బైట్లు బాగానే ఉండి చదివే చోట తప్పు జరుగుతోంది, సరిచేసుకోవచ్చు. టేబుల్‌ను యూటీఎఫ్8ఎంబీ4 చేసి, జేఎస్‌పీ పేజీల్లో యూటీఎఫ్-8 చెప్పండి. టామ్‌క్యాట్ 9 అయితే ఫారం ఎన్‌కోడింగ్ విడిగా చెప్పాలి, 10లో మామూలుగానే ఉంటుంది. కాలమ్ పొడవు విషయంలోనూ జాగ్రత్త: వెంకటేశ్వర్లు అనే పేరు మన కంటికి ఐదు అక్షరాలు, డేటాబేస్‌కు 13. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి రాసే కాలమ్‌కు 30 చాలదు, 150 ఇవ్వండి.

వార్ వేయడం

వార్ ఫైల్ పేరే అడ్రస్ అవుతుంది. పేరు లేకుండా నేరుగా తెరుచుకోవాలంటే రూట్ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెట్టాలి. నెట్‌వర్క్ మీంచి నేరుగా వెబ్‌యాప్స్‌లోకి కాపీ చేయకండి. టామ్‌క్యాట్ ఆ ఫోల్డర్‌ను చూస్తూనే ఉంటుంది, సగం వచ్చిన ఫైల్‌నే విప్పబోయి బోల్తా పడుతుంది. ముందు అదే డిస్క్ మీద వేరే ఫోల్డర్‌లోకి పూర్తిగా తెచ్చుకుని, తర్వాత మూవ్ చేయండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఫొటోలది. కాంటా చీటీ, తేమ మిషన్ రీడింగ్ ఫొటోలను అప్లికేషన్ ఫోల్డర్ లోపలే సేవ్ చేసే కోడ్ ఉంటే, కొత్త వార్ వేసిన క్షణం పాత ఫోల్డర్‌తో పాటు అవన్నీ పోతాయి. వాటికి బయట వేరే డైరెక్టరీ ఉండాలి.

ఓనర్ హైదరాబాద్ నుంచి చూడాలంటే 8080ని బయటికి తెరవకండి. టామ్‌క్యాట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను పెట్టి, హెచ్‌టీటీపీఎస్ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ తీసుకోండి. దాని గడువు 90 రోజులకు మించదు, రెన్యువల్ దానంతట అదే జరిగేలా పెట్టుకోవాలి. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ మించిన అప్‌లోడ్‌ను 413 అని తిప్పి పంపుతుంది. ఫోన్ ఫొటోలు ఎక్కించాలంటే ఆ హద్దు పెంచాలి.

ఆగినప్పుడు ఎక్కడ చూడాలి?

కనెక్షన్ నిరాకరించారని బ్రౌజర్ చెప్తే, లేదా ఎన్‌జిన్‌ఎక్స్ 502 అంటే టామ్‌క్యాట్ లేవలేదు. సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్ చూడండి. 404 అంటే టామ్‌క్యాట్ ఉంది, అప్లికేషన్ ఎక్కలేదు. క్యాటలినా లాగ్‌లో స్టార్ట్ అయిన చోటు నుంచి చదవండి, కింది నుంచి కాదు. మొదటి ఎర్రరే అసలుది, మిగతావి దాని పిల్లలు. 500 అంటే మన కోడ్. పేజీ తిరుగుతూ ఉంటే, లేదా 60 సెకన్లకు 504 వస్తే వెంటనే రీస్టార్ట్ చేయకండి. జేస్టాక్‌తో థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే జాబితా) తీసి ఫైల్‌లో దాచాక చేయండి. ఎక్కువ థ్రెడ్లు కనెక్షన్ అడిగే చోటే ఆగి ఉంటే పైన చెప్పిన పూల్ లీకే. ప్రాసెస్ చప్పుడు లేకుండా మాయమైతే కెర్నల్ లాగ్‌లో ఓఓఎమ్ కిల్లర్ (ర్యామ్ నిండినప్పుడు ప్రాసెస్‌లను చంపేది) పేరు వెతకండి. డిస్క్ నిండిందేమో కూడా చూడండి. యాక్సెస్ లాగ్ రోజుకొకటి తయారవుతుంది, మ్యాక్స్‌డేస్ చెప్పకపోతే పాతవి ఎప్పటికీ పోవు.

రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్ డంప్‌ను సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో తీసి, ఇంకో మిషన్‌కు పంపండి. నెలకోసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, చీటీల సంఖ్య సరిపోయిందో చూడండి.

అప్‌గ్రేడ్‌కు యాసంగి ముగిసి వానాకాలం వడ్లు రాని రోజులు మంచివి. 10.1లోనే కొత్త విడుదలను ఆప్ట్‌లో పాతదాని పక్కన విప్పండి, సర్వీస్ ఆపండి, లింక్‌ను కొత్తదానికి తిప్పండి, స్టార్ట్ చేయండి. రెండు కాంటాల నుంచీ ఒక్కో చీటీ తీసి చూడండి. తేడా వస్తే లింక్‌ను పాత ఫోల్డర్‌కు తిప్పి సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే సరి. పాత ఫోల్డర్‌ను ఒక సీజన్ గడిచేదాకా తీసేయకండి.