అమెరికా తొలినాటి బంగారు నాణెం కొనేముందు ఇవి చూడుండ్రి

మన వరంగల్‌ల కూసొని గూడ ఇవి సేకరించొచ్చు, కాకపోతే తొందరపడొద్దు. 1795ల మొదలైన ఐదు డాలర్ల నాణేన్ని హాఫ్ ఈగల్ అంటరు, బరువు 8.75 గ్రాములు అంటే పాత లెక్కల ముప్పావు తులం, బంగారం మన 916 నగల లెక్కనే. 1834ల బరువు తగ్గించిన్రు, అప్పటికే పాతవి మస్తు కరిగిపోయినయ్, గందుకే గింత అరుదు.

ముందుగాల తూకం చూడాలె, తర్వాత లెన్స్ పెట్టి అంచు మీది గీతలు చూడాలె, పోత పోసిన నకిలీకి అక్షరాల పక్కన చిన్న చిన్న గుంతలు కనవడ్తయ్. నాణేలు అసలువా కాదా అని పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాల సీల్ చేసే అమెరికా కంపెనీలు పీసీజీఎస్, ఎన్జీసీ; వాటి డబ్బాల ఉన్నదే కొనుండ్రి, డబ్బా మీది నంబర్ ఆన్‌లైన్‌ల సరిచూసుకోండ్రి.

కంసలి దగ్గర గీటురాయి మీద మాత్రం అస్సలు గీయించొద్దు! చింతపండుతోని తోమొద్దు, మా అమ్మమ్మ దగ్గరి పాత బంగారు నాణెం అష్రఫీని నేను గట్లనే తోమి పాడుజేసిన, ఇప్పటికీ మనసుల కలుక్కుమంటది.