స్ఫెంజ్ నేర్చుకుందాం – 2వ పాఠం: పిండి కలపడం

స్ఫెంజ్ అంటే ఈస్ట్‌తో పులిసిన మైదా పిండిని మధ్యలో చిల్లుతో నూనెలో వేయించే, డోనట్ లాంటి మొరాకో వంటకం. పోయిన పాఠంలో మొరాకో వీధుల్లో స్ఫెంజ్ వేసి అమ్మే సఫ్నాజ్ పని చూశాం. పొద్దున్నే మూకుడు పక్కన కూర్చుని, వేగిన వాటిని తాటి జాతి ఆకు చీలికకు గుచ్చి, ముడేసి చేతికిస్తాడు. ఇంటికి తీసుకెళ్లి పుదీనా టీతో తింటారు. అతని చేతిలో పిండి ఎంత జారుగా ఉంటుందో గమనించారు కదా, ఈ పాఠమంతా దాని గురించే.

అర కిలో మైదా, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, రెండు టీస్పూన్ల ఇన్‌స్టంట్ ఈస్ట్, గోరువెచ్చని నీళ్లు 350 మి.లీ. అంతే. గుడ్డు, పాలు, వెన్న అక్కర్లేదు. తీపి కావాలంటే వేయించాక పైన పంచదార చల్లుకుంటారు. ట్యునీషియాలో దీని చుట్టమైన బంబలూనీని అయితే పంచదారలో అద్దే ఇస్తారు. సిదీ బూ సయీద్ ఊరు దానికి పేరు. నాకు మాత్రం మొరాకో వాళ్ల చప్పటి స్ఫెంజే ఇష్టం, పిండి పులిసిన రుచి అందులోనే బాగా తెలుస్తుంది.

ఈస్ట్ పాతదైతే ముందు కాసిని గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ రాకపోతే పారేయండి.

వెడల్పాటి గిన్నెలో మైదా, ఉప్పు, ఈస్ట్ కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. మైదాను బట్టి ఇంకో రెండు మూడు చెంచాలు పట్టొచ్చు. చపాతీ పిండిలా ముద్ద కట్టిందంటే నీళ్లు చాలలేదన్నమాట. వేళ్లకు అంటుకుని సాగాలి. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి ఇంకాస్త మైదా చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. పిండి అంటుకుంటుంటే చేతికి నీళ్లు రాసుకోండి. పిండిలో తడి ఎక్కువుంటేనే వేడి నూనెలో ఆవిరై లోపల పెద్ద పెద్ద గదులు తెరుస్తుంది. గట్టి పిండితో చేస్తే లోపల బన్నులా మెత్తగా మూసుకుపోతుంది, స్ఫెంజ్‌కు ఉండాల్సిన నమిలే గుణం రాదు.

పిసకడం కూడా వేరు. కింద నుంచి పిండిని పైకి లాగి, గిన్నెలోకే గట్టిగా కొట్టండి. గిన్నె తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు. మొదట్లో చిరిగిపోతుంది, పోనుపోను నున్నగా తీగలా సాగుతుంది. చేతులు నొప్పెడితే రెండు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఆ విరామం పిండికీ మంచిదే.

మూతపెట్టి వదిలేయండి. మే నెల విజయవాడలో గంటన్నరకే పొంగొచ్చు, చలిదేశంలో ఉన్నవాళ్లకు మూడు గంటలు పట్టొచ్చు. గడియారం కన్నా పిండిని నమ్మండి: రెట్టింపై, పైన బుడగలు కనిపించాలి. పొంగాక మళ్లీ పిసికితే ఆ గాలంతా పోతుంది.

ఈ వారం అభ్యాసం: నూనె పెట్టకండి. తడిచేత్తో నిమ్మకాయంత పిండి తెంపి, గారెకు చిల్లు పెట్టినట్టు బొటనవేలితో మధ్యలో చిల్లు చేసి, రెండు చేతులతో కంకణంలా సాగదీయండి. చిల్లు బాగా పెద్దదిగా ఉండాలి, నూనెలో పిండి ఉబ్బి దాన్ని సగం మూసేస్తుంది. సాగదీస్తే వెనక్కి ముడుచుకుపోతోందా? గిన్నెలో మిగతా పిండిని ఇంకో పావుగంట కదపకుండా ఉంచి మళ్లీ చూడండి. వచ్చే పాఠంలో నూనె వేడి, తిప్పే వేళ, గుడ్డు పెట్టి రెండోసారి వేయించడం.