నమ్‌దఫా వెళ్లాలంటే ఐఎల్‌పీ ఒక్కటే సరిపోదు

అరుణాచల్ ప్రదేశ్‌లోని నమ్‌దఫా జాతీయ పార్కుకు బయల్దేరే మనవాళ్లలో చాలామంది చేతిలో ఒకటే కాగితం ఉంటుంది: ఐఎల్‌పీ, అంటే ఇన్నర్ లైన్ పర్మిట్. దాంతో రాష్ట్ర సరిహద్దు దాటవచ్చు గానీ అడవిలోకి పోవడానికి కుదరదు. అడవికి అనుమతి వేరే, ఇచ్చే ఆఫీసు వేరే. ఈ సంగతి తెలియక పార్కు ఆఫీసు ఉన్న మియావ్ ఊరి దాకా వచ్చి, ఆదివారం మూసి ఉన్న ఆఫీసు ముందు సామాన్లతో నిలబడిపోయిన కుటుంబాన్ని చూశాను. ‘నమ్‌దఫా పర్మిట్ మొత్తం మేమే తీసిపెడతాం’ అని వేలు గుంజిన ఏజెంటు వాళ్లకు ఇచ్చింది ఐఎల్‌పీ ప్రింటు మాత్రమే. ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్లు తీసుకోగలిగిన కాగితం అది.

ముందు ఐఎల్‌పీ పని తేల్చేద్దాం. 1873 నాటి నిబంధన ప్రకారం బయటి రాష్ట్రాల భారతీయులందరికీ ఇది తప్పనిసరి. అరుణాచల్ ప్రభుత్వ ఈ-ఐఎల్‌పీ పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేసి, టూరిస్టు అని ఎంచుకుని, ఫీజు కడితే సరిపోతుంది. వెబ్‌సైటు చిరునామా చివర ‘గవ్.ఇన్’ (gov.in) ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. చూడాల్సిన ప్రాంతాల్లో చాంగ్‌లాంగ్ జిల్లా, మియావ్ పేర్లు రాయండి. తిరుగు ప్రయాణం తర్వాత రెండు మూడు రోజులు అదనంగా ఉండేలా తేదీలు పెట్టుకోండి. కొండచరియ విరిగి దారి మూసుకుపోతే ఆ రోజులే అక్కరకొస్తాయి.

మనకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఓటరు కార్డులో పూర్తిగా ఉంటుంది, టికెట్టులో ఇంటిపేరు చివరికి పోతుంది. ఏ కార్డు అప్‌లోడ్ చేశారో అందులో అక్షరం అక్షరం ఎలా ఉందో ఫారంలోనూ అలాగే నింపండి. ఒరిజినల్‌గా కూడా అదే కార్డు వెంట తీసుకెళ్లండి. చెక్ గేటు దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

విజయవాడ, విశాఖ మీదుగా వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ అస్సాంలోని తిన్‌సుకియాలో దింపుతుంది. విమానమైతే డిబ్రూగఢ్‌లో దిగాలి. అక్కణ్నుంచి మార్గెరీటా, లెడో, జాగున్ దాటాక నామ్‌చిక్ గేటు వస్తుంది. అక్కడ ఐఎల్‌పీ చూపిస్తే మియావ్‌కు దారి ఇస్తారు.

అసలు పని మియావ్‌లోనే. నమ్‌దఫా టైగర్ రిజర్వు ఫీల్డ్ డైరెక్టర్ ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది. పార్కులోకి అనుమతి, పార్కు లోపల నది ఒడ్డున ఉన్న డెబన్ ఫారెస్ట్ రెస్ట్ హౌస్‌లో గది, అడవిలో క్యాంపింగ్, ఈ మూడింటికీ అడగాల్సింది ఇక్కడే. నేరుగా వెళ్లి అడిగితే గది దొరుకుతుందన్న ధీమా వద్దు, డెబన్‌లో గదులు కొన్నే. ఇంటి నుంచి బయల్దేరకముందే ఆఫీసుకు రాసి, జవాబు వచ్చాకే టికెట్లు కొనండి. పని దినం నాడు, అదీ పొద్దున్నే మియావ్‌లో ఉండేలా ప్రయాణం కుదుర్చుకోండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. మధ్యాహ్నం చేరితే ఆ రోజు అయిపోయినట్టే.

తెల్ల కాగితం మీద ఇలా రాసి తీసుకెళ్లండి: అందరి పేర్లు, వయసులు, ఊరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, డెబన్‌లోనే ఉంటారా, నది దాటి లోపలికి నడుస్తారా, వెంట వచ్చే గైడ్ పేరు, బండి నంబరు. ఐఎల్‌పీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఒక్కొక్కరివి రెండేసి జత చేయండి. ‘నది దాటి’ అన్న ముక్క మర్చిపోకండి. డెబన్ వరకే రాసి, ఆ తర్వాత నోవా-దిహింగ్ నది అవతల హల్దీబాడీ, హార్న్‌బిల్, బుల్బులియా క్యాంపులకు నడుద్దామనుకుంటే ఆ కాగితం చెల్లదు. దాన్ని మార్పించుకోవాలంటే పాతిక కిలోమీటర్లు వెనక్కి, మళ్లీ మియావ్‌కే రావాలి.

కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ప్రవేశ రుసుం, కెమెరా, బండి, గది, ఏది ఎంతో అందులో విడివిడిగా కనబడాలి. గైడ్‌కు, పోర్టర్లకు ఇచ్చే రోజు కూలి వేరు, అది వాళ్ల చేతికే ఇవ్వండి. ఎవరైనా ‘అన్నీ కలిపి ఇంత’ అంటే ఆ లెక్క కాగితం మీద రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ హక్కు.

గైడ్ దండగ ఖర్చు అనుకునేవాళ్లకు ఒక మాట. ఇది మన నల్లమలలోలాగా జీపెక్కి సఫారీ చేసే చోటు కాదు. 1985 చదరపు కిలోమీటర్ల ఈ అడవి రెండొందల మీటర్ల ఎత్తు దగ్గర మొదలై, దఫా బమ్ శిఖరం దగ్గర 4571 మీటర్లకు లేస్తుంది. క్యాంపు అంటే చెట్ల మధ్య చదునుగా ఉన్న ఖాళీ జాగా, అంతే. గుడారం, బియ్యం, గిన్నెలు అన్నీ మనమే మోసుకెళ్లాలి. దారి మీద వెదురు పడితే కొట్టి తొలగించేది, వాగు ఎక్కడ దాటొచ్చో చెప్పేది గైడే. మియావ్ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. తోక లేని కోతుల్లాంటి హూలాక్ గిబ్బన్ల అరుపు ఏ వైపు నుంచి వస్తోందో చెవితోనే పట్టుకునే స్థానికులు ఉన్నారు. వాళ్లకు ఇచ్చే కూలి దగ్గర బేరం ఆడకండి.

అమెరికా నుంచి పిల్లలు వచ్చినప్పుడు కలిసి వెళ్దామనుకునే కుటుంబాలు ఇది మరింత జాగ్రత్తగా చదవాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు ఐఎల్‌పీ పనికిరాదు. వాళ్లకు విదేశీయులకు ఇచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. తల్లిదండ్రులు భారత పౌరులే అయినా, విదేశీ పాస్‌పోర్టు ఉన్న బిడ్డకు ఇదే రూలు. రిజిస్టరైన టూర్ ఆపరేటర్ ద్వారా చాలా ముందుగా అప్లై చేయించండి. ఆ పర్మిట్ చేతికొచ్చాకే మిగతావాళ్ల ఐఎల్‌పీ తేదీలు పెట్టండి. లేదంటే అందరూ గేటు దాటాక ఒక్కరు ఇవతలే ఆగిపోవాల్సి వస్తుంది.

నవంబరు నుంచి మార్చి వరకు వెళ్లడానికి అనువైన కాలం. వానల్లో వాగులు పొంగుతాయి, జలగలు విపరీతం. నగదు తిన్‌సుకియాలోనే తీసి పెట్టుకోండి. అడవి నుంచి తిరిగొచ్చాక మియావ్ ఆఫీసులో ‘మేం వచ్చేశాం’ అని చెప్పి వెళ్లండి, మీకోసం ఎవరూ వెతకాల్సిన పని ఉండదు.